క్యాజువాలిటీలో మొదటి గంట: ప్లాస్టిక్ సర్జరీ అత్యవసరాలను హౌస్ సర్జన్లకు ఎలా నేర్పాలి?

ప్రశ్న అడిగినవారు: జిల్లా ఆసుపత్రి అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ సర్జరీ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. మా కళాశాల మొదలై ఎంతో కాలం కాలేదు. ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఇంకా ఏర్పడలేదు. ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి రోగిని పంపాలంటే అంబులెన్సులో నాలుగు గంటల ప్రయాణం.

గత నెలలో ఒక రాత్రి, పశువులకు మేత కత్తిరించే యంత్రంలో కుడిచేతి బొటనవేలు తెగిపోయిన ఒక యువరైతును ప్రమాదం జరిగిన గంటన్నరలోనే మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. తెగిన వేలిని ఆయన తమ్ముడు కూల్‌డ్రింకుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న ఐసుముక్కల మధ్య నేరుగా వేసి, క్యారీబ్యాగులో తెచ్చాడు. డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ రక్తస్రావం ఆపాడు, టీటీ ఇంజెక్షన్ ఇచ్చాడు, మొండిని శుభ్రం చేసి కుట్టాడు. ఆ కుట్లు ఎంత నీటుగా ఉన్నాయంటే, ఉదయం రౌండ్స్‌లో చూసి మొదట మెచ్చుకోబోయాను. వేలు ఏదని అడిగితే ట్రాలీ కింద నుంచి సంచి తీసి చూపించారు. కరిగిన ఐసు నీళ్లలో ఆ వేలు తెల్లగా పాలిపోయి, చర్మమంతా ముడతలు పడి ఉంది. గోటి కింద ఆ రైతు పొలం మట్టి ఇంకా అలాగే ఉంది.

ఆ అబ్బాయి చదువులో వెనుకబడినవాడు కాడు. స్కిన్ గ్రాఫ్టుకూ (రక్తనాళాలు లేకుండా తీసి అతికే చర్మం) ఫ్లాపుకూ (తన రక్తనాళాలతో సహా జరిపి అతికే కణజాలం) తేడా అడిగితే తడుముకోకుండా చెప్పాడు. తెగిన వేలు వస్తే దాన్ని ఎలా భద్రపరచాలో, ఎవరికి ఫోన్ చేయాలో అతనికి మాలో ఎవరమూ ఎన్నడూ చెప్పలేదు. 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో కాలిన గాయాలకు సర్జరీ కింద చోటుంది. చేతి గాయాలు మాత్రం కొంత ఆర్థోపెడిక్స్‌కూ కొంత సర్జరీకీ, ముఖం మీది గాయాలు కొంత ఈఎన్‌టీకీ కొంత దంతవైద్యులకూ పంచుకుపోయి, చివరికి ఎవరూ తమవిగా భావించి బోధించని పరిస్థితి నేను చూస్తున్నాను.

హౌస్ సర్జన్లు క్యాజువాలిటీ పోస్టింగుకు వెళ్లే ముందు నాలుగు శనివారాలు, వారానికి రెండు గంటల చొప్పున, తరగతి తీసుకోవడానికి మా ప్రిన్సిపాల్ గారు అనుమతించారు. మొత్తం ఎనిమిది గంటలు. ఈ ఎనిమిది గంటల్లో ఏమి చెప్పాలి, ఏమి ధైర్యంగా వదిలేయాలి, స్లైడ్లు చదివి వినిపించడం కాకుండా వాళ్ల చేతికి అలవాటయ్యేలా ఎలా చెప్పాలి? అనుభవం ఉన్న పెద్దలూ, ఈమధ్యే హౌస్ సర్జన్సీ పూర్తి చేసిన యువ వైద్యులూ తమ అభిప్రాయం చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం 1: విశ్రాంత ప్లాస్టిక్ సర్జన్

డాక్టర్ గారూ, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పని చేసి రిటైరైనవాడిని కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను, మన్నించండి.

మీ ఎనిమిది గంటల పాఠాన్ని జబ్బుల పేర్లతో విభజించకండి, గడియారంతో విభజించండి. హౌస్ సర్జన్ ప్లాస్టిక్ సర్జరీ నేర్చుకోనవసరం లేదు. అతను నేర్చుకోవలసింది, తన ముందున్న రోగి శరీరంలో ఏ భాగానికి ఎంత సమయం మిగిలి ఉందో లెక్కగట్టడం. ఆ దృష్టితో చూస్తే వదిలేయవలసినవి వాటంతటవే తేలిపోతాయి. గ్రాఫ్టుల రకాలు, ఫ్లాపుల వర్గీకరణ, గ్రహణం మొర్రి శస్త్రచికిత్సల పేర్లు, ఇవన్నీ పరీక్షల కోసం ఎలాగూ చదువుతారు. మీ శనివారాల్లో వాటికి ఒక్క నిమిషం కూడా ఇవ్వకండి.

తెగిన అవయవంతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే మీ పిల్లలు ఆ కేసును కళ్లారా చూశారు. తెగిన భాగాన్ని సెలైన్‌తో మెల్లగా కడిగి, సెలైన్‌లో తడిపి పిండిన గాజుగుడ్డలో చుట్టి, నీళ్లు చొరబడని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచాలి. ఐసు నేరుగా తగిలితే కణజాలం గడ్డకట్టి, సన్నటి రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, ఆ తరువాత వాటిని కలిపినా రక్తప్రసారం నిలవదు. వేలిలో కండరం లేదు కనుక చల్లగా ఉంచితే 24 గంటల వరకూ ఆశ ఉంటుంది. ముంజేయి దగ్గరో భుజం దగ్గరో తెగితే కండరం ఉంటుంది కనుక, చల్లబరచకపోతే సుమారు 6 గంటలకే ఆశ సన్నగిల్లిపోతుంది. ఈ తేడా ఎందుకో ఒకసారి అర్థమైతే అంకెలు మరిచిపోయినా నిర్ణయం తప్పదు. 1962లో బోస్టన్‌లో రొనాల్డ్ మాల్ట్ బృందం పన్నెండేళ్ల పిల్లవాడి చేతిని తిరిగి అతికించింది. 1965లో జపాన్‌లోని నారాలో కొమత్సు, తమాయి అనే సర్జన్లు పూర్తిగా తెగిన బొటనవేలిని అతికించారు. ఇన్ని దశాబ్దాల తరువాత కూడా మన దగ్గర వేళ్లు క్యారీబ్యాగులో చచ్చిపోతున్నాయంటే, లోపం సర్జన్ల నైపుణ్యంలో కన్నా క్యాజువాలిటీ బల్ల దగ్గర ఎక్కువగా ఉందని నా నమ్మకం.

ఒక్క హెచ్చరిక మాత్రం తప్పక చెప్పండి. బొటనవేలు, ఒకటికి మించి తెగిన వేళ్లు, పిల్లల్లో ఏ వేలైనా, అరచేయి లేదా మణికట్టు దగ్గర తెగినవి, వీటిని తిరిగి అతికించడానికి గట్టిగా ప్రయత్నిస్తాం. అయితే అతుకుతుందో లేదో తేల్చేది అతికించే సర్జనే. హౌస్ సర్జన్ "అతికించేస్తారు" అని మాట ఇవ్వకూడదు, "పనికిరాదు" అని పారేయకూడదు. రక్తం కారుతోందని గాయంలో గుడ్డిగా ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళాన్ని బిగించి పట్టే పటకారు) వేయడం కూడా మాన్పించండి. వేలిలో ధమనికి ఆనుకునే నరం ఉంటుంది, ఫోర్సెప్స్ పట్టు దాన్నీ నలిపేస్తుంది. చేతిని పైకెత్తి, గాజుగుడ్డతో పది నిమిషాలు విడవకుండా నొక్కి పట్టుకుంటే ఆగని వేలి రక్తస్రావం చాలా అరుదు.

రెండో శనివారం పూర్తిగా కాలిన గాయాలకే ఇవ్వండి. ఇందులో ఫార్ములా అందరికీ వచ్చు, లెక్కే ఎవరికీ రాదు. కాలిన రోగికి ఎంత ద్రవం ఎక్కించాలో చెప్పే పార్క్‌లాండ్ ఫార్ములా ప్రకారం కిలో బరువుకు, ఒంటి చర్మంలో కాలిన ప్రతి శాతానికి 4 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ అనే ద్రవం, అందులో సగం మొదటి 8 గంటల్లో, మిగతా సగం తరువాతి 16 గంటల్లో ఇవ్వాలని గడగడా చెబుతారు. వాళ్లకు ఈ కేసు ఇచ్చి చూడండి. అరవై కిలోల మనిషి, 30 శాతం కాలింది, రాత్రి 9 గంటలకు గ్యాస్ లీకై మంట అంటుకుంది, మీ దగ్గరికి చేరేసరికి 12 అయింది, దారిలో 108 వాహనంలో 500 మిల్లీలీటర్లు ఎక్కించారు. మొత్తం 7200 మిల్లీలీటర్లు, అందులో సగం 3600. చాలామంది దాన్ని ఎనిమిదితో భాగించి గంటకు 450 అని రాస్తారు. కానీ 8 గంటలు లెక్కించవలసింది కాలిన క్షణం నుంచి, ఆసుపత్రికి చేరిన క్షణం నుంచి కాదు. ఉదయం 5 గంటల లోపల 3600 పూర్తి కావాలి, అందులో 500 ఇప్పటికే వెళ్లింది, మిగిలిన 3100 మిల్లీలీటర్లను 5 గంటల్లో, అంటే గంటకు 620 చొప్పున మొదలుపెట్టాలి. వాళ్లు రాసిన 450కీ ఈ 620కీ మధ్య తేడాను బోర్డు మీద పెద్దగా రాసి కాసేపు అలాగే ఉంచండి.

దాని వెంటనే ఆ ఫార్ములా ఆరంభం మాత్రమేనని కూడా చెప్పండి. మూత్రం పెద్దవాళ్లలో గంటకు కిలోకు అర మిల్లీలీటరు, పిల్లల్లో సుమారు 1 మిల్లీలీటరు వస్తోందా లేదా చూసి ధార పెంచాలి లేదా తగ్గించాలి. ఎక్కువ ఎక్కించినా ప్రాణం మీదికి వస్తుంది. పెద్దవాళ్లకు కిలోకు 2 మిల్లీలీటర్లతో మొదలుపెట్టే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. మీ ఆసుపత్రి నుంచి రోగిని పంపే బర్న్స్ కేంద్రం ఏది పాటిస్తుందో కనుక్కుని అదే నేర్పండి, ఒకే రోగికి దారి పొడుగునా రెండు లెక్కలు ఉండకూడదు.

కరెంటు కాలిన గాయాలను విడిగా చెప్పాలి, ముఖ్యంగా మన వ్యవసాయ జిల్లాల్లో. మోటారు స్టార్టరు దగ్గర షాక్ కొట్టిన రైతు అరచేతిలో రూపాయి బిళ్లంత నల్లమచ్చ చూసి, 1 శాతం కాలిందని రాసి పంపినవాళ్లున్నారు. ఆ మచ్చ వెనుక ముంజేయి కండరమంతా లోపల ఉడికిపోయి ఉండవచ్చు. ఈసీజీ తీయాలి, మూత్రం రంగు చూడాలి. అది కోకాకోలా రంగులో ఉంటే కండరాల నుంచి విడుదలైన పదార్థం మూత్రపిండాల్లో పేరుకుంటోందని అర్థం, అప్పుడు శాతాల లెక్క పక్కన పెట్టి మూత్రం ధారాళంగా వచ్చేదాకా ద్రవాలు ఇవ్వాలి.

మూడోది చేతి ఇన్ఫెక్షన్లు. వేలిలో టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తొడుగుకు చీము పట్టిందని చెప్పే, చికాగో సర్జన్ అలెన్ కనావెల్ పేరు మీద ఉన్న నాలుగు గుర్తులు ఉన్నాయి. వేలు కొద్దిగా వంగి ఉండిపోవడం, వేలంతా ఒకే తీరుగా ఉబ్బడం, టెండన్ తొడుగు పొడవునా నొక్కితే నొప్పి, వేలిని చాచబోతే భరించలేని నొప్పి. ముల్లు గుచ్చుకుందనో చేపముల్లు దిగిందనో వచ్చిన వేలికి ఈ నాలుగూ చూడకుండా మాత్రలు రాసి పంపితే, వారం తిరిగేసరికి ఆ వేలు ముడుచుకోకుండా పోతుంది. షుగరు ఉన్న రోగి కాలి మీద చిన్న పుండు, పైకి కనిపించేదానికి పొంతన లేని నొప్పి, ఒళ్లు తూలడం, ఇవి కనిపిస్తే ఎర్రదనం అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి పక్కనే సమయం రాయమనండి. గంట తరువాత ఎరుపు ఆ గీత దాటిందంటే నెక్రొటైజింగ్ ఫేషియైటిస్ (చర్మం కింది పొరలను వేగంగా చంపేసే ఇన్ఫెక్షన్) అనే అనుమానంతో సీనియర్‌ను నిద్ర లేపాలి. గీత దాటకపోయినా నొప్పి పెరుగుతూ ఉంటే లేపాలి.

ముఖ గాయాలకు చివరి శనివారం సరిపోతుంది. కుట్టు వేయడానికి ముందు చూడవలసినవే అందులో ముఖ్యం. ముఖాన్ని కదిలించే నరం తెగిందేమో తెలియడానికి కనుబొమలు ఎగరేయించాలి, కళ్లు గట్టిగా మూయించాలి, పళ్లు ఇగిలించమనాలి, అప్పుడే మత్తు సూది వేయాలి. పెదవి చీలితే మత్తు ఇచ్చే ముందే పెదవి అంచు గీతకు రెండు వైపులా సిరా చుక్క పెట్టాలి. మందు ఎక్కి ఉబ్బిన తరువాత ఆ గీత కనిపించదు, 1 మిల్లీమీటరు తేడా వచ్చినా జీవితాంతం ఎదుటివారికి కనిపిస్తుంది. కనుబొమను గొరగకూడదు. ముఖం మీద కుక్క కరిస్తే ముందు సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గాయంలో రేబిస్‌ను అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలి, కుట్లు తప్పనిసరైతే ఆ తరువాతే, అవీ వదులుగా.

సమాధానం 2: రాత్రి డ్యూటీ పీజీ

సార్ చెప్పిన ప్రతి మాటా నోట్సులో రాసుకున్నాను. నేను ప్రస్తుతం ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ రెండో సంవత్సరంలో ఉన్నాను. హౌస్ సర్జన్సీ ముగిసి ఎక్కువ కాలం కాలేదు కనుక ఒక విషయంలో నా అనుభవం వేరని వినయంగా మనవి చేస్తున్నాను. తెలియక కొన్ని పొరపాట్లు జరుగుతాయి నిజమే, కానీ ఎక్కువ భాగం తెలిసి కూడా ఫోన్ చేయడానికి జంకడం వల్ల జరుగుతాయి.

నా హౌస్ సర్జన్సీలో ఒక రాత్రి ఏడేళ్ల బాబు వచ్చాడు. చెట్టెక్కి పడి మోచేయి పైన ఎముక విరిగితే, రెండు రోజుల ముందు ఊళ్లో వెదురు బద్దలు పెట్టి నాటుకట్టు కట్టించారు. వేళ్లు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. బాబు ఏడుస్తూనే ఉన్నాడు, వాళ్లమ్మ ఎత్తుకున్నా ఆగడం లేదు. నేను మణికట్టు దగ్గర నాడి చూశాను, అందింది. "నాడి ఉంది, వేళ్లు వెచ్చగా ఉన్నాయి" అని కేస్ షీటులో రాసి, నొప్పి సూది వేయించి, ఉదయం ఆర్థో వాళ్లు చూస్తారని చెప్పాను. రెండు గంటలు కాకముందే మళ్లీ నొప్పి సూది అడిగారు, మళ్లీ వేయించాను. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌లో (కండరాల చుట్టూ ఒత్తిడి పెరిగి వాటికి రక్తం అందకపోవడం) నాడి చివరిదాకా ఉంటుందని నేను చదివే ఉన్నాను. ఆ రాత్రి నా మనసులో ఆ మాట మెదిలింది కూడా. రాత్రి రెండింటికి సీనియర్‌కు ఫోన్ చేసి, ఏమీ కాకపోతే తిట్లు తినాల్సి వస్తుందని ఊరుకున్నాను. ఉదయం ఫేషియాటమీ (ఒత్తిడి తగ్గించడానికి కండరాల మీది పొరను కోయడం) చేశారు. కొంత కండరం అప్పటికే నల్లబడింది. బిగుతు కట్ల వల్ల చెయ్యి ఇలా ముడుచుకుపోతుందని వోల్క్‌మన్ 1881లోనే రాశాడు, ఆ వాక్యం నేను పరీక్షలో కూడా రాశాను.

కనుక నా సూచన ఇది. ఎనిమిది గంటల్లో కనీసం రెండు గంటలు ఫోన్ కాల్ సాధన చేయించండి. ఒకరు హౌస్ సర్జన్, ఒకరు నిద్రలోంచి లేచిన ప్లాస్టిక్ సర్జన్. ఒక నిమిషంలో చెప్పాలి: వయసు, ఏ చెయ్యి, ఏ వేలు, ఎన్ని గంటలకు, దేనితో, కోసుకుందా నలిగిందా, తెగిన భాగం ఎలా ఉంచారు, ఇంకేమైనా గాయాలున్నాయా, షుగరు ఉందా, చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఇప్పటిదాకా ఏం చేశాం, ఇప్పుడు ఏం అడుగుతున్నాం. చివరి అంశమే అందరూ మరిచిపోతారు. "సార్, ఒక కేసు వచ్చింది" అని మొదలుపెట్టి ఏం కావాలో చెప్పకుండా ఆపేస్తారు. సీనియర్ పాత్రలో ఉన్నవాళ్లు ఒకటి రెండుసార్లు విసుక్కోవాలి కూడా, ఎందుకంటే నిజంగా విసుక్కుంటారు, విసుక్కున్నా చెప్పవలసింది చెప్పి తీరాలన్నది అలవాటు కావాలి. ఫోటో పంపేటప్పుడు రోగి అనుమతి తీసుకోవాలనీ, ముఖం కనిపించనవసరం లేని చోట కనిపించకూడదనీ కూడా అక్కడే నేర్పవచ్చు.

పిల్లల్లో నొప్పి ఎంతుందో నోటితో చెప్పరు. ఆందోళన, అలజడి, పదేపదే నొప్పి మందు కావాల్సి రావడం, ఈ మూడే వాళ్ల భాష. అనుమానం వస్తే కట్టును పై పట్టీ మాత్రమే కాకుండా లోపలి దూదితో సహా చర్మం కనిపించేదాకా కత్తిరించాలి, చేతిని గుండె ఎత్తులోనే ఉంచాలి, అంతకన్నా పైకెత్తితే అందే రక్తం ఇంకా తగ్గుతుంది. పాము కాటు వాపును మాత్రం దీనితో కలపకండి. రక్తపింజరి కాటులో రక్తం గడ్డకట్టే గుణం పోయి ఉంటుంది, ముందు యాంటీవీనం ఇచ్చి దాన్ని సరిచేయకుండా కోత పెడితే రక్తస్రావంతోనే రోగి పోతాడు.

ఇంకొక్కటి. మత్తు సూది వేయకముందే కదలికలు చూడాలని సార్ ముఖం గురించి చెప్పారు, వేళ్లలో స్పర్శకూ అదే వర్తిస్తుంది. మొద్దుబారిన వేలిని పట్టుకుని నరం తెగిందా లేదా అని తరువాత ఎవరూ చెప్పలేరు.

సమాధానం 3: బర్న్స్ వార్డు సిస్టర్

డాక్టర్లందరికీ నమస్కారం. నేను బర్న్స్ వార్డులో పద్దెనిమిదేళ్లుగా స్టాఫ్ నర్సుగా ఉన్నాను. బయటి ఆసుపత్రుల నుంచి వచ్చే రిఫరల్ కాగితాలు మొదట చూసేది మేమే కనుక నాలుగు మాటలు చెబుతాను.

చాలా కాగితాల మీద కాలిన సమయం ఉండదు, చేరిన సమయం ఉంటుంది. పెద్ద సార్ చెప్పిన లెక్క అక్కడే తప్పిపోతుంది. బరువు ఉండదు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మొలతాడు అలాగే ఉంటాయి, మా దగ్గరికి చేరేసరికి వేలు ఉబ్బి ఉంగరం చర్మంలోకి దిగిపోయి ఉంటుంది. వచ్చిన వెంటనే సబ్బు నీళ్లతో అయినా తీసేయమని, రాకపోతే కత్తిరించమని పిల్లలకు నేర్పండి.

కాలిన చోట ఇంటివాళ్లు టూత్‌పేస్టు, సిరా, పసుపు, దోసెపిండి పూసి తెస్తారు. వాళ్లను కోప్పడకుండా మెల్లగా కడిగేయాలి. కాలిన 3 గంటల లోపల వస్తే మామూలు కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచినా ప్రయోజనం ఉంటుందని చాలామంది హౌస్ సర్జన్లకు తెలియదు. సాంబారు గిన్నె మీద పడ్డ చంటిపిల్లలకు మాత్రం కాలిన చోట మాత్రమే నీళ్లు పోస్తూ మిగతా ఒళ్లు వెచ్చగా కప్పాలి, లేకపోతే చలికి నీలుక్కుపోతారు. సున్నం పొడి పడితే ముందు పొడిగా దులిపి తరువాత నీళ్లు పోయాలి. పంపేటప్పుడు ఆయింట్‌మెంట్లు దట్టంగా పూయకండి, ఉతికిన శుభ్రమైన దుప్పటి చుట్టి పంపితే చాలు, మేం లోతు చూడగలుగుతాం. గొంతు బొంగురుపోయినా, ముక్కులో వెంట్రుకలు కాలి ఉన్నా, మూసిన గదిలో కాలినా, ఆ మనిషికి శ్వాసనాళంలో ట్యూబు వేయాలా అని సీనియర్‌తో తేల్చుకోకుండా నాలుగు గంటల ప్రయాణానికి పంపకండి. దారిలో గొంతు మూసుకుపోయినవాళ్లను మేం స్ట్రెచర్ మీదే పోగొట్టుకున్నాం.

శాతం లెక్కించడం నేర్పడానికి మేం వాడే పద్ధతి ఒకటుంది. రోగి అరచేతిని వేళ్లతో సహా కాగితం మీద పెట్టి గీసి, ఆ ఆకారం కత్తిరిస్తాం. అది ఆ రోగి ఒంట్లో సుమారు 1 శాతం. తరగతిలో ఒక అబ్బాయి పాత చొక్కా, ప్యాంటు మీద సుద్దతో కాలిన ప్రాంతాలు గీసి, ఎర్రబడి బొబ్బ రాని చోటును వేరే రంగుతో గీసి, అందరినీ విడివిడిగా శాతం రాయమనండి. ఎర్రదనాన్ని లెక్కలో కలపకూడదన్న సంగతి అప్పుడు బాగా ఎక్కుతుంది. పసిపిల్లలకు తల ఒక్కటే 18 శాతం అని కూడా.

మీ తరగతికి క్యాజువాలిటీ నర్సులను కూడా పిలవండి, మేడమ్. హౌస్ సర్జన్లు నెలనెలా మారిపోతారు, సిస్టర్లు అక్కడే ఉంటారు.

సమాధానం 4: లీడ్స్ నుంచి ఒక తెలుగు డాక్టరు

నేను గుంటూరు జిల్లావాడిని, ఇక్కడ ఇంగ్లండులో ప్లాస్టిక్ సర్జరీ శిక్షణలో ఉన్నాను. ఇక్కడి విద్యార్థులకు కూడా ఈ విభాగం అంతంతమాత్రంగానే కనిపిస్తుంది, కనుక ఈ ఇబ్బంది మనకొక్కరికే ఉందనుకోకండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ బర్న్స్ సంఘం రూపొందించిన ఈఎంఎస్‌బీ (తీవ్రంగా కాలినవారి అత్యవసర చికిత్స) అనే ఒకరోజు కోర్సును ఇక్కడ బ్రిటిష్ బర్న్ అసోసియేషన్ నడుపుతుంది. అందులో నాకు బాగా నచ్చింది దాని అమరిక. పుస్తకం ముందే చదువుకుని రావాలి, ఉదయం చిన్న చిన్న ఉపన్యాసాలు, మధ్యాహ్నమంతా రంగు పూసుకుని పడుకున్న మనిషిని రోగిగా భావించి చికిత్స చేయాలి, చివర పరీక్ష. గాయాన్ని చూసి శ్వాసను మరిచిపోయినవాళ్లను అక్కడికక్కడే ఆపి, మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు. కాలిన మనిషి కూడా ముందు ప్రమాదానికి గురైన మనిషే, మంట నుంచి తప్పించుకోవడానికి మేడ మీంచి దూకి ఉండవచ్చు.

టెండన్ల కోసం ఖరీదైన బొమ్మలేమీ అవసరం లేదు. కోళ్ల దుకాణంలో పాదాలతో సహా కోడికాళ్లు అడిగి తెచ్చుకోండి. కాలి వెనుక భాగంలో చర్మం చీల్చి తెల్లటి తాడులాంటి టెండన్‌ను పట్టుకుని లాగితే గోళ్లు ముడుచుకుంటాయి. ఒక్కొక్కటీ కత్తిరిస్తూ ఏ గోరు ముడుచుకోవడం మానిందో చూడమంటే, గాయం చిన్నదైనా లోపల ఏం తెగిందో వేళ్ల భంగిమను బట్టే చెప్పవచ్చన్నది చేతికి తెలుస్తుంది. అయితే ఇది పరీక్ష చేయడం నేర్పడానికే. క్యాజువాలిటీలో టెండన్ కుట్టకూడదనీ, కడిగి, చర్మం మూసి, బద్ద కట్టి పంపాలనీ అదే బల్ల దగ్గర చెప్పండి. ప్రెజర్ గన్‌తో పెయింటో గ్రీజో వేలిలోకి దూసుకుపోయిన కేసును ఒకటి తప్పక చేర్చండి. బయట సూదిపోటంత రంధ్రం, నొప్పి కూడా మొదట్లో ఉండదు, ఇంటికి పంపేస్తారు. లోపల ఆ రసాయనం తొడుగు వెంట అరచేతిదాకా పాకి ఉంటుంది, కొన్ని గంటల్లో తెరవకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు.

ప్రశ్న అడిగినవారు: జిల్లా ఆసుపత్రి అధ్యాపకురాలు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సమాధానాలు ప్రింటు తీసి మా విభాగాధిపతి గారికి ఇచ్చాను. మొదటి శనివారం తరగతి నిన్న జరిగింది, జరిగినది జరిగినట్టు చెబుతాను.

పదకొండు మంది హౌస్ సర్జన్లు, సిస్టర్ గారు చెప్పినట్టు ముగ్గురు క్యాజువాలిటీ నర్సులు వచ్చారు. తెగిన వేలికి బదులు కోడికాలు ముక్క ఇచ్చి భద్రపరచమన్నాను. గాజుగుడ్డను సెలైన్‌లో ముంచి, పిండకుండా నీళ్లు కారుతుండగానే చుట్టినవాళ్లు ఆరుగురు. సంచి మూతి సరిగ్గా బిగించనివాళ్లు ఇద్దరు, ఐసు నీళ్లు లోపలికి వెళ్లాయి. తిరిగి చేయించాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అబ్బాయి అందరికన్నా ముందు చేసి, పక్కవాడిది సరిచేశాడు. సంచి మీద పేరు, సమయం రాసి అంటించాలన్నది అతనే చెప్పాడు, నేను చెప్పడం మరిచిపోయాను.

తరువాత ఫోన్ సాధన. పీజీ డాక్టరు గారు చెప్పినట్టే, పదకొండు మందిలో ఎనిమిది మంది తమకు ఏం కావాలో చెప్పకుండానే ఆగిపోయారు. నేను కావాలని విసుక్కున్నప్పుడు ఒక అమ్మాయి ఫోన్ పెట్టేసింది. రెండోసారి, "సార్, మీరు కోప్పడినా పర్లేదు, ఈ వేలికి ఇంకా పన్నెండు గంటలుంది, పంపించమంటారా?" అంది. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాయించాను.

చివరగా ఒక చిన్న అభ్యర్థన. నాలుగు గంటల దూరంలోని ప్లాస్టిక్ సర్జరీ విభాగం వాళ్లతో మాట్లాడి, రాత్రివేళ ఎవరు ఎత్తుతారో ఆ ఒక్క నంబరు తీసుకుని క్యాజువాలిటీ టెలిఫోను పక్కన అంటించాలని అనుకుంటున్నాను. డ్యూటీ మారినప్పుడల్లా ఆ కాగితం పాతబడిపోకుండా మీ ఆసుపత్రుల్లో ఎవరు, ఎలా చూసుకుంటున్నారో తెలిసినవారు చెప్పగలరా? వచ్చే శనివారం కాలిన గాయాల తరగతి. సుద్ద, పాత చొక్కా సిద్ధంగా ఉన్నాయి.

సమాధానం 5: బర్న్స్ వార్డు సిస్టర్

మేడమ్, మా దగ్గర ప్రతి నెలా ఒకటో తేదీ ఉదయం డ్యూటీకి వచ్చిన సిస్టరు ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి, ఎత్తినవారి పేరు రాసుకుని, కాగితం కింద తేదీ వేసి సంతకం పెడుతుంది. క్రాష్ కార్టులో (అత్యవసర మందుల బండి) మందులు సరిచూసే రిజిస్టరులోనే దానికి ఒక గడి గీయించాం, అందుకే ఎవరూ మరిచిపోరు.